ఎక్స్ అంటే ఏంటి? రైలు చివరి బోగీ నుంచి ఆధార్ కార్డు దాకా.. ఒక్క అక్షరానికి ఎన్ని అర్థాలో!

ఇంగ్లిష్ అక్షరమాలలో 24వ అక్షరం ఎక్స్. ఈ అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమంటే ఎక్స్‌రే, జిరాక్స్ తర్వాత చాలామంది ఆగిపోతారు. డిక్షనరీలో కూడా దీనికి దక్కేది కొద్ది పేజీలే. కానీ బయట చూస్తే ఈ అక్షరం లేని చోటు లేదు. రైలు చివరి బోగీ మీద, చొక్కా కాలర్ లోపల, మందుల అట్ట మీద, లెక్కల పుస్తకంలో, బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌లో.. ఆఖరికి మన ఒంట్లోని కణాల్లోనూ ఎక్స్ ఉంది.

ఒక చోట పది అంటే, ఇంకో చోట తప్పు. ఒక చోట తెలియనిది, మరో చోట దాచిపెట్టినది. వీటిలో కొన్ని సరదాగా తెలుసుకోవాల్సినవి. ఇంకొన్ని మాత్రం తెలియకపోతే ఓటు పోతుంది, ఆధార్ నంబర్ పోతుంది, ఏ తప్పూ చేయని ఆడవాళ్లు మాటలు పడాల్సి వస్తుంది. అవేంటో ఒక్కొక్కటిగా చూద్దాం.

మనం పెట్టుకున్న పేరు ‘ఇంటూ’

తెలుగువాళ్లు ఈ గుర్తును చూడగానే ఎక్స్ అనరు, ‘ఇంటూ’ అంటారు. ‘మాస్టారు నా లెక్కకు ఇంటూ పెట్టారు’, ‘ఆ యాడ్ మీద ఇంటూ నొక్కితే పోతుంది’.. ఇలా వాడేస్తాం. ఎక్కాల్లో ‘రెండు ఇంటూ మూడు’ అని చదివిన అలవాటే ఇది. గుణకారానికి ఈ గుర్తును 1631లో అచ్చయిన పుస్తకంలో వాడింది ఇంగ్లండ్ గణితవేత్త విలియం ఆట్రెడ్. నిజానికి గుణకారం గుర్తు, ఎక్స్ అక్షరం రెండూ వేర్వేరు. చూడటానికి మాత్రం కవల పిల్లల్లా ఉంటాయి.

అక్షరం సంగతికి వస్తే.. ఇది గ్రీకుల నుంచి రోమన్లకు వచ్చింది. లాటిన్‌లో ఒకప్పుడు చివరి అక్షరం ఇదే. గ్రీకు మాటలు రాసుకోవడానికి వై, జెడ్ అక్షరాలను తర్వాత కలుపుకున్నారు. దాంతో ఎక్స్ మూడో స్థానానికి జరిగింది.

పలకడంలోనూ దీనికి ఒక దారి లేదు. బాక్స్‌లో ‘క్స్’, ఎగ్జామ్‌లో ‘గ్జ్’, జిరాక్స్ అనే మాట మొదట్లో ‘జ’, చివర్లో ‘క్స్’. ఒకే మాటలో ఒకే అక్షరం రెండు రకాలుగా పలుకుతుందన్నమాట. చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ పేరును ఇంగ్లిష్‌లో ఎక్స్‌తోనే మొదలుపెడతారు. పలకడం మాత్రం ‘షీ’. మెక్సికో దేశం వాళ్లు తమ దేశాన్ని ‘మెహికో’ అంటారు. తెలుగులో అయితే పలికిందే రాస్తాం కాబట్టి మనకు ఈ గోల లేదు.

మనం జిరాక్స్ షాపు అంటాం కదా.. ఆ మాటకు మూలం ‘పొడి’ అనే అర్థం ఉన్న గ్రీకు పదం. సిరా తడి లేకుండా పొడి పౌడర్‌తో కాపీ తీసే పద్ధతి కాబట్టి ఆ పేరు పెట్టారు. 1938లో అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ ఈ పద్ధతిలో మొదటి కాపీ తీశారు. కంపెనీ పేరు కాస్తా మన దగ్గర పని పేరు అయిపోయింది. ‘రెండు జిరాక్స్‌లు తీయి’ అంటాం తప్ప ఫొటోకాపీ అనేవాళ్లు తక్కువే.

రైలు చివరి బోగీపై ఇంటూ ఎందుకు?

రైలు వెళ్లిపోతుంటే చివరి బోగీ వెనక పెద్ద ఇంటూ గుర్తు చాలామంది చూసే ఉంటారు. అది అలంకారం కాదు. ‘ఇదే ఆఖరి బోగీ, రైలు మొత్తం వచ్చేసింది’ అని స్టేషన్ సిబ్బందికి చెప్పే గుర్తు. దాంతో పాటు ‘ఎల్‌వీ’ అని రాసిన చిన్న బోర్డు కూడా వేలాడుతుంది. ఎల్‌వీ అంటే లాస్ట్ వెహికల్. రాత్రిపూట గుర్తులు కనిపించవు కాబట్టి ఎర్ర లైటు ఉంటుంది.

రైలు స్టేషన్ దాటేటప్పుడు సిబ్బంది జెండా పట్టుకుని నిలబడటం వెనక ఉన్న పని ఇదే. ఆఖరి బోగీ గుర్తు కనిపించకపోతే, మధ్యలో ఎక్కడో కప్లింగ్ ఊడిపోయి కొన్ని బోగీలు పట్టాల మీదే ఉండిపోయాయేమో అని అనుమానించాలి. ఆ సంగతి తేలేదాకా వెనక వచ్చే రైలును ఆ లైన్‌లోకి వదలకూడదు. వదిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇప్పుడు చాలా చోట్ల చక్రాలను లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లు వచ్చాయి. అయినా కంటితో చూసుకునే ఈ గుర్తును రైల్వే వదిలిపెట్టలేదు.

పదో తరగతి, పోప్ గారి పేరు

రోమన్ అంకెల్లో ఎక్స్ అంటే 10. పదో తరగతి సర్టిఫికెట్లలో, స్కూల్ గది తలుపుల మీద కనిపించేది ఇదే. దాని ముందు ఒకటి అంకె పెడితే 9, తర్వాత పెడితే 11. 2017లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌ను కంపెనీ ‘ఐఫోన్ టెన్’ అనే పిలిచింది, జనం మాత్రం ఎక్స్ అనేశారు. 2025 మేలో ఎన్నికైన పోప్ లియో 14 పేరు పక్కన కూడా రోమన్ అంకెల్లో ఒక ఎక్స్, దాని పక్కన నాలుగు అంకె ఉంటాయి.

క్రిస్మస్‌ను కొందరు ‘ఎక్స్‌మస్’ అని రాస్తారు. దేవుడి పేరు కొట్టేసి ఇంటూ పెట్టారని కొంతమంది నొచ్చుకుంటారు. అది నిజం కాదు. గ్రీకులో క్రీస్తు అనే మాటలో మొదటి అక్షరం ‘ఖీ’. అది అచ్చం ఎక్స్‌లాగే ఉంటుంది. క్రైస్తవులే వందల ఏళ్లుగా ఆ అక్షరాన్ని క్రీస్తుకు గుర్తుగా వాడుతున్నారు.

తెలియని దానికి ఎక్స్ అని పేరు

‘ఎక్స్ విలువ కనుక్కోండి’ అనే ప్రశ్న చూడని విద్యార్థి ఉండడు. తెలియని రాశులకు అక్షరమాల చివరి అక్షరాలు, తెలిసిన వాటికి మొదటి అక్షరాలు వాడే పద్ధతిని ఫ్రాన్స్ గణితవేత్త రెనే డెకార్ట్ 1637లో వేసిన తన జామెట్రీ పుస్తకంలో పాటించారు. అదే ప్రపంచమంతా నిలిచిపోయింది.

మన దగ్గర అంతకు ముందే వేరే పద్ధతి ఉంది. 12వ శతాబ్దంలో రెండో భాస్కరాచార్యుడు రాసిన బీజగణితంలో మొదటి తెలియని రాశికి ‘యావత్తావత్’ అని పేరు. ఒకటి కన్నా ఎక్కువ ఉంటే కాలకం, నీలకం, పీతకం అని రంగుల పేర్లు పెట్టేవారు. నలుపు విలువ ఎంత, నీలం విలువ ఎంత అని లెక్క చేసేవాళ్లన్నమాట.

ఎక్స్‌రేలో ఎక్స్ కూడా ‘తెలియనిది’ అనే అర్థంతోనే వచ్చింది. 1895 నవంబరు 8న జర్మనీలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఒక కొత్త రకం కిరణాలను గమనించారు. అవేంటో అప్పటికి తెలియదు కాబట్టి ‘ఎక్స్ కిరణాలు’ అన్నారు. కొన్ని వారాలకే భార్య చేతిని ఆ కిరణాలతో ఫొటో తీశారు. ఎముకలు, వేలి ఉంగరం స్పష్టంగా కనిపించాయి. 1901లో ఫిజిక్స్‌లో ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ ఆయనకే దక్కింది. జర్మనీలో ఇప్పటికీ వీటిని రాంట్‌జెన్ కిరణాలనే అంటారు. మిగతా ప్రపంచంలో చాలా చోట్ల మాత్రం ఆ తాత్కాలిక పేరే శాశ్వతమైపోయింది.

ఇదే ఎక్స్ మన శ్రీహరికోటకూ వచ్చింది. 2024 జనవరి 1న ఇస్రో పీఎస్‌ఎల్‌వీ సీ58 రాకెట్‌తో పంపిన ఎక్స్‌పోశాట్ ఉపగ్రహం పని.. అంతరిక్షం నుంచి వచ్చే ఎక్స్ కిరణాలను పరిశీలించడమే.

ఎక్స్‌రే అంటే భయపడేవాళ్లకు ఒక మాట. ఛాతీకి ఒక ఎక్స్‌రే తీస్తే ఒంటికి తగిలే రేడియేషన్, మామూలుగా ప్రకృతి నుంచి మనకు దాదాపు పది రోజుల్లో వచ్చేంత. సీటీ స్కాన్ కూడా ఎక్స్ కిరణాలతోనే తీస్తారు, అందులో డోసు చాలా ఎక్కువ. అల్ట్రాసౌండ్, ఎమ్మారై స్కాన్లలో ఈ కిరణాలు ఉండవు. గర్భిణులు, గర్భం వచ్చిందేమో అని అనుమానం ఉన్నవాళ్లు ఎక్స్‌రే గదిలోకి వెళ్లే ముందే ఆ సంగతి టెక్నీషియన్‌కు చెప్పాలి.

ఆడపిల్ల పుడితే తల్లిని తిట్టేవాళ్లు ఇది చదవాలి

1891లో జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ హెంకింగ్ ఒక పురుగు కణాలను మైక్రోస్కోప్ కింద చూస్తున్నారు. అందులో ఒక ముక్క మిగతావాటిలా ప్రవర్తించడం లేదు. అదేంటో అర్థం కాక ‘ఎక్స్’ అని రాసుకున్నారు. ఎక్స్ క్రోమోజోమ్‌కు ఆ పేరు అలా వచ్చింది. ఆకారం ఎక్స్‌లా ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టారని చాలామంది అనుకుంటారు, అది కాదు. 1905లో అమెరికా శాస్త్రవేత్త నెట్టీ స్టీవెన్స్ పురుగుల మీద చేసిన పరిశోధనలో, ఆడా మగా తేడాకు ఈ క్రోమోజోములే కారణమని తేలింది.

సాధారణంగా స్త్రీలలో రెండు ఎక్స్‌లు ఉంటాయి. పురుషులలో ఒక ఎక్స్, ఒక వై. ఇప్పుడు లెక్క చూడండి. తల్లి దగ్గర ఉన్నవి రెండూ ఎక్స్‌లే కాబట్టి బిడ్డకు ఆమె ఎక్స్ మాత్రమే ఇవ్వగలదు. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లాడు. అంటే పుట్టేది ఎవరనేది తేల్చేది తండ్రి వైపు నుంచి వచ్చిన కణం. అది కూడా ఆయన చేతిలో ఉన్న పని కాదు, దాదాపు బొమ్మా బొరుసు లాంటిదే.

ఇంత చిన్న లెక్క స్కూలు పుస్తకాల్లోనే ఉంటుంది. అయినా ‘మళ్లీ ఆడపిల్లేనా’, ‘దీని కడుపున మగపిల్లాడు పుట్టడు’ అనే మాటలు ఇళ్లలో వినిపిస్తూనే ఉన్నాయి. ఆ మాటలు పడేది కోడలే. మగపిల్లాడి కోసం రెండో పెళ్లి చేయాలనే పెద్దలు, పుట్టింటికి పంపేసే భర్తలు ఇంకా ఉన్నారు. సైన్స్ ప్రకారం చూసినా అందులో ఆమె పాత్ర సున్నా.

కడుపులో ఉన్నది ఎవరో ముందే తెలుసుకోవడం చట్ట ప్రకారం నేరం. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం పరీక్ష చేసి చెప్పిన డాక్టర్‌కు మొదటిసారి మూడేళ్ల వరకు జైలు, రూ.10 వేల వరకు జరిమానా పడొచ్చు. చేయించమని అడిగినవాళ్లకూ మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల వరకు జరిమానా ఉంటుంది. గర్భిణిని భర్త, బంధువులే బలవంతం చేసి తీసుకొచ్చారని చట్టం భావిస్తుంది. అలా కాదని రుజువైతే తప్ప శిక్ష ఆమె మీదికి రాదు.

ఎక్స్‌కు సంబంధించి ఇంకో విషయం. హీమోఫీలియా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియని వర్ణాంధత్వం లాంటివి ఎక్స్ క్రోమోజోమ్‌లోని లోపం వల్ల వస్తాయి. ఆడవాళ్లకు రెండో ఎక్స్ ఉంటుంది కాబట్టి ఒకదానిలో లోపం ఉన్నా చాలాసార్లు రెండోది కాపాడుతుంది. మగవాళ్లకు ఉన్నది ఒక్కటే. అందుకే ఇవి మగపిల్లల్లో ఎక్కువ కనిపిస్తాయి. దెబ్బ తగిలితే రక్తం ఎంతసేపటికీ ఆగని పిల్లలు ఉంటే డాక్టర్‌కు చూపించాలి. ఇందులోనూ తల్లి తప్పు ఏమీ లేదు. తన ఒంట్లో ఆ లోపం ఉందని చాలామందికి బిడ్డ పుట్టేదాకా తెలియదు.

మందుల అట్ట మీద ఎర్ర ఎక్స్

ముందు ఒక అపోహ. డాక్టర్ చీటీ మీద కనిపించే ‘ఆర్‌ఎక్స్’ గుర్తులో ఉన్నది అసలు ఎక్స్ కాదు. లాటిన్‌లో ‘తీసుకో’ అనే అర్థం ఉన్న మాటకు పొట్టి రూపంగా ఆర్ అక్షరం రాసి, దాని కాలి మీద అడ్డగీత కొట్టేవారు. అది చూడటానికి ఎక్స్‌లా ఉంటుంది, అంతే.

కానీ ఆ గుర్తుకు ముందు ఇంకో ఎక్స్ ఎర్ర రంగులో కనిపిస్తే అది వేరే కథ. అది షెడ్యూల్ ఎక్స్ మందు. కెటమిన్, మిథైల్‌ఫెనిడేట్ లాంటివి ఈ జాబితాలో ఉన్నాయి. అలవాటుగా మారే ప్రమాదం, దుర్వినియోగం అయ్యే ప్రమాదం ఉన్న మందులివి. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ప్రకారం వీటికి డాక్టర్ చీటీ రెండు కాపీలు ఉండాలి. ఒక కాపీని మందుల షాపు రెండేళ్లపాటు దాచాలి. స్టాకును తాళం వేసి ఉంచాలి. చీటీ లేకుండా ఎవరైనా ఈ మందు ఇస్తున్నారంటే అది నేరం అని గుర్తుపెట్టుకోండి.

ఆధార్ మీద ఎక్స్‌లు ఉంటేనే మేలు

బ్యాంకు మెసేజ్‌లో మీ అకౌంట్ నంబర్ మొత్తం రాదు. ముందు కొన్ని ఎక్స్‌లు, చివర్లో మూడు నాలుగు అంకెలు మాత్రమే వస్తాయి. ఇక్కడ ఎక్స్ అంటే ‘దాచిపెట్టాం’ అని. మెసేజ్ ఎవరి కంట్లో పడినా పూర్తి నంబర్ తెలియకూడదని ఈ ఏర్పాటు.

ఇదే పద్ధతి ఆధార్‌కూ ఉంది. దాన్ని మాస్క్‌డ్ ఆధార్ అంటారు. 12 అంకెల్లో మొదటి ఎనిమిది చోట్ల ఎక్స్‌లు ఉంటాయి, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. హోటల్ గదికో, ఇంకెక్కడో గుర్తింపు కోసం కాపీ అడిగితే, పూర్తి నంబర్ అవసరం లేని చోట ఇదే ఇవ్వొచ్చు. పూర్తి ఆధార్ జిరాక్స్‌లు ఎక్కడపడితే అక్కడ ఇచ్చేసి, తర్వాత ఆ కాపీతో ఎవరో మోసం చేస్తే తిరగాల్సింది మనమే.

తీసుకోవడం కష్టమేం కాదు. మైఆధార్ వెబ్‌సైట్‌లో ఆధార్ నంబర్, ఫోన్‌కు వచ్చే ఓటీపీతో లాగిన్ అవ్వాలి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ ఆధార్ కావాలా అని ఒక గడి ఉంటుంది. దాన్ని టిక్ చేస్తే చాలు. వచ్చిన ఫైల్ తెరవడానికి పాస్‌వర్డ్.. మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, తర్వాత పుట్టిన సంవత్సరం. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పొద్దు.

ఓటు మీద ఇంటూ పెడితే ఓటు పోయినట్టే

బ్రిటన్‌లో నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా ఇంటూ పెట్టి ఓటు వేస్తారు. అక్కడ ఇంటూ అంటే ‘ఈయనే కావాలి’ అని. మనకేమో ఇంటూ అంటే ‘వద్దు’ అని.

మన దగ్గర అసెంబ్లీ, పార్లమెంట్ ఎన్నికలకు ఈవీఎం బటన్ నొక్కుతాం కాబట్టి ఇబ్బంది లేదు. పట్టభద్రుల, టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నికల్లోనే చిక్కు. అక్కడ బ్యాలెట్ పేపర్ ఇస్తారు. అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్యం ప్రకారం అంకెలు వేయాలి. 1 అంకె తప్పనిసరి. పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన పెన్నే వాడాలి. టిక్ పెట్టినా, ఇంటూ పెట్టినా, సంతకం చేసినా ఆ ఓటు చెల్లదు. డిగ్రీ చదివినవాళ్లు వేసే ఈ ఎన్నికల్లోనే రెండు తెలుగు రాష్ట్రాల్లో వేల ఓట్లు చెల్లకుండా పోతుంటాయి.

పోటీ పరీక్షల ఓఎంఆర్ షీట్ దగ్గరా ఇదే జాగ్రత్త. గుండ్రాన్ని పూర్తిగా నింపాలి తప్ప అందులో ఇంటూ, టిక్ పెట్టకూడదు. చెక్కు ‘క్రాస్’ చేయమంటే ఇంటూ కొట్టేవాళ్లూ ఉన్నారు. క్రాస్ చేయడం అంటే చెక్కు ఎడమ పక్క పై మూలన రెండు సమాంతర గీతలు గీయడం. అలా చేస్తే డబ్బు కౌంటర్‌లో నగదుగా ఇవ్వరు, అకౌంట్‌లోకే వెళ్తుంది.

పిట్ట పోయి ఎక్స్ వచ్చె

ఎలాన్ మస్క్ 2022 అక్టోబరులో 44 బిలియన్ డాలర్లకు ట్విట్టర్ కొన్నారు. 2023 జులైలో నీలం పిట్టను తీసేసి ఎక్స్ అని పేరు మార్చారు. ఈ అక్షరం మీద ఆయనకు మోజు పాతదే. 1999లోనే ఎక్స్ డాట్ కామ్ అనే ఆన్‌లైన్ బ్యాంకింగ్ కంపెనీ పెట్టారు. అదే తర్వాత పేపాల్‌లో భాగమైంది. ఆయన రాకెట్ కంపెనీ స్పేస్‌ఎక్స్, కారు మోడల్ ఎక్స్, ఏఐ కంపెనీ ఎక్స్‌ఏఐ.. అన్నిట్లో ఆ అక్షరమే. వార్తల్లో మాత్రం ఇప్పటికీ ‘ఎక్స్ (గతంలో ట్విట్టర్)’ అని రాయక తప్పడం లేదు. ఉత్తి ‘ఎక్స్‌లో పోస్టు పెట్టారు’ అంటే చాలామందికి అర్థం కాదు మరి.

నాయకులకు ఇచ్చే భద్రతలోనూ ఎక్స్ ఉంది. ఎక్స్, వై, వై ప్లస్, జెడ్, జెడ్ ప్లస్ అని కేటగిరీలు. ఇందులో ఎక్స్ అన్నిటికన్నా కింది స్థాయి. బట్టల సైజుల్లో ఎక్స్ అంటే ఎక్స్‌ట్రా. అమెరికాలో 1968లో పెద్దలకు మాత్రమే అనే సినిమాలకు ఎక్స్ రేటింగ్ పెట్టారు. 1990లో దాన్ని తీసేసి వేరే పేరు తెచ్చారు. కొన్ని దేశాల పాస్‌పోర్టుల్లో పురుషుడు, స్త్రీ కాకుండా మూడో గుర్తుగా ఎక్స్ రాస్తారు.

అన్నిటికన్నా బరువైన ఎక్స్ ఒక మనిషి పేరులో ఉంది. అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్. ఆయన పుట్టినప్పటి ఇంటిపేరు లిటిల్. అది తన పూర్వీకులను బానిసలుగా కొన్న తెల్ల యజమానులు తగిలించిన పేరని ఆయన వదిలేశారు. ఆఫ్రికాలో తమ వంశం అసలు పేరు ఏంటో తెలుసుకునే దారి లేదు. ఆ పోయిన పేరుకు గుర్తుగా ఎక్స్ పెట్టుకున్నారు. 1965లో ఆయన హత్యకు గురయ్యారు.

ఒక్కసారి గుర్తుపెట్టుకోండి

- రైలు చివరి బోగీపై ఎక్స్: రైలు మొత్తం వచ్చేసింది.
- రోమన్ అంకెల్లో ఎక్స్: 10.
- లెక్కల్లో, ఎక్స్‌రేలో ఎక్స్: తెలియనిది.
- ఎక్స్ క్రోమోజోమ్: తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఇదే. ఆడా మగా అన్నది తండ్రి వైపు నుంచి తేలుతుంది.
- మందుపై ఎర్ర ఎక్స్: డాక్టర్ చీటీ లేకుండా కొనకూడదు, అమ్మకూడదు.
- ఆధార్‌పై ఎక్స్‌లు: నంబర్ దాచిన కాపీ. వీలైన చోటల్లా ఇదే ఇవ్వండి.
- ఎమ్మెల్సీ బ్యాలెట్‌పై ఇంటూ: ఓటు చెల్లదు. అంకెలే వేయాలి.
- చార్జర్, బ్యాటరీ మీద చెత్తబుట్టకు ఇంటూ కొట్టిన బొమ్మ: మామూలు చెత్తలో పడేయొద్దు, ఈ వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

వీటిలో మిగతావి ఒకసారి చూసి వదిలేసినా పర్వాలేదు. క్రోమోజోమ్ లెక్క, ఆధార్ సంగతి మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకు ఒకసారి చదివి వినిపించండి.